"చిన్న మాటే కదా, వదిలెయ్" అంటారు. రోజూ వింటే మనసు ఏమవుతుంది?

కొండమల్లి (విశాఖపట్నం), సోమవారం రాత్రి 10:40

చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. నేను ఒక బ్యాంకు శాఖలో మేనేజరుని. మా శాఖకు వచ్చేవాళ్ళలో చాలామంది నా గదిలోకి తొంగిచూసి "సార్ లేరా అమ్మా?" అని అడుగుతారు. మేనేజరుని నేనేనని చెబితే ఒక క్షణం ఆగి, కౌంటరులో కూర్చున్న కొత్త కుర్రాడి దగ్గరికి వెళ్ళి నేను చెప్పింది నిజమో కాదో కనుక్కుంటారు. పైఆఫీసులో సమావేశం జరిగితే "మేడం, టీ సంగతి కాస్త చూడండి" అని నాకే చెబుతారు. ఆ గదిలో నాకన్నా జూనియర్లయిన మగవాళ్ళు ఐదారుగురు కూర్చునే ఉంటారు. రుణాల లక్ష్యం దాటిన నెలలో "మేడం నవ్వుతూ అడిగితే ఎవరు కాదంటారు" అన్నారు. ఆ నెలంతా నేను ఎండలో ఊళ్ళు తిరిగాను. ఇంట్లో బంధువులు కలిస్తే, "మీ ఆయన ఎంత మంచివాడమ్మా, ఇంత దూరం ఉద్యోగానికి పంపిస్తున్నాడు" అంటారు.

వీటిలో ఏ ఒక్కటీ ఫిర్యాదు రాసేంత పెద్దది కాదు. కానీ ఆదివారం సాయంత్రం అయ్యేసరికి గుండె బరువెక్కుతోంది. అర్ధరాత్రి మెలకువ వచ్చి "అప్పుడు ఇలా అని ఉండాల్సింది" అని జవాబులు వెతుక్కుంటున్నాను. పాప మీద ఊరికే విసుక్కుంటున్నాను. డాక్టరు దగ్గరికి వెళితే థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు రాశారు. రెండూ బాగానే ఉన్నాయి. "రెండు పడవల మీద ప్రయాణం ఎందుకమ్మా, టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. ఆ మాట విన్నాక మళ్ళీ ఆయన దగ్గరికి వెళ్ళబుద్ధి కాలేదు.

నేనే మరీ సున్నితంగా ఉన్నానా? మీలో ఎవరికైనా ఇలా ఉందా? ఉంటే ఏం చేశారు?

నల్లరేగడి (గుంటూరు), సోమవారం రాత్రి 11:15

అక్కా, మీరొక్కరే కాదు. నేను మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. మా బ్యాచ్‌లో నేనొక్కదాన్నే అమ్మాయిని. వర్క్‌షాపులో లేత్ యంత్రం మీద నా చెయ్యి పడదు. "నీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, నువ్వు రికార్డు రాయి" అంటారు. మా వాళ్ళు మంచివాళ్ళే, నన్ను గౌరవంగానే చూస్తారు. కానీ సంవత్సరమంతా నేను రాస్తూ, వాళ్ళు యంత్రం నడుపుతూ గడిస్తే చివరికి ఎవరికి పని వచ్చినట్టు? వైవాలో తడబడితే "అమ్మాయిలకు ఈ బ్రాంచి కష్టం" అన్న మాట రుజువైనట్టే అవుతుంది. ఈమధ్య నిజంగానే నాకు చేతకాదేమో అనిపిస్తోంది. ఇంటర్‌లో ఈ అనుమానం నాకు లేనే లేదు.

దూరపుగట్టు (డాలస్ దగ్గర), సోమవారం రాత్రి 11:50

మీ రెండు పోస్టులూ చదివాక ఉండబట్టలేక రాస్తున్నాను. ఇక్కడ పగలు.

నేను ఎం.టెక్. చేసి, హైదరాబాదులో ఉద్యోగం వదిలి, భర్త ఉద్యోగ వీసా వెంట భార్యకు ఇచ్చే హెచ్-4 వీసా మీద వచ్చాను. 2015 నుంచి కొందరు హెచ్-4 వాళ్ళకు పని అనుమతి ఇస్తున్నారు గానీ, మా ఆయన గ్రీన్ కార్డు కాగితాలు ఆ మెట్టు దాటేదాకా నాకు అది రాదు. ఇది చట్టం సంగతి, దాన్ని తిట్టుకుంటూ కూర్చోలేను. నన్ను తినేసేది మన మధ్య వినిపించే మాటలే. పండక్కి నాలుగు కుటుంబాలు కలిస్తే మగవాళ్ళు హాల్లో, మేము వంటగదిలో. ఎవరికైనా పరిచయం చేస్తే నాకు పేరుండదు, ఫలానా వారి మిసెస్‌ని. "నీకేం తల్లీ, హాయిగా ఇంట్లో ఉంటావు" అని అందరూ అంటారు. ఒకప్పుడు నేను రాసిన కోడ్ మీద ఇరవైమంది పనిచేసేవాళ్ళని చెప్పాలనిపిస్తుంది. చెబితే గొప్పలు పోతున్నాననుకుంటారు.

ఇండియా నుంచి ఫోను వస్తే మొదటి ప్రశ్న "ఏమైనా విశేషమా?" మేము చికిత్స తీసుకుంటున్నామని మా ఇద్దరికే తెలుసు. పరీక్షల్లో లోపం ఎవరి వైపు ఉందో కూడా మాకు తెలుసు. అయినా ఆ ప్రశ్న మా ఆయన్ని ఎవ్వరూ అడగరు, నన్నే అడుగుతారు. ఫోను మోగితే చెయ్యి వణికే దశకు వచ్చాను.

పడమటిగాలి (కర్నూలు), మంగళవారం ఉదయం 6:30

అమ్మలారా, మీ బాధను తక్కువ చేయాలని కాదు, నాకు తోచింది చెబుతున్నాను. నాకు అరవై దాటాయి. మా అమ్మ తొమ్మిదిమంది ఉన్న ఇంటికి వండిపెట్టింది, మా నాన్న మాటలు పడింది. ఆమెకు డిప్రెషన్ రాలేదు. ఇప్పటి పిల్లలకు చదువు ఉంది, సంపాదన ఉంది, అయినా ఒక్క మాటకు కుంగిపోతున్నారు. "నీ చేతిరాత బాగుంది" అనడం కూడా తప్పేనా? అలాగైతే మనుషులు నోరు విప్పడానికే భయపడతారు. మగవాళ్ళకు మాత్రం ఒత్తిడి లేదా? అప్పులు, ఉద్యోగాలు, పిల్లల ఫీజులు, ఇవన్నీ ఎవరితో చెప్పుకుంటారు?

చింతచెట్టు (నరసరావుపేట), మంగళవారం ఉదయం 8:05

తమ్ముడూ, నాకు డెబ్బై, కాబట్టి అలా పిలుస్తున్నాను. మీ అమ్మగారికి డిప్రెషన్ రాలేదని మీకెవరు చెప్పారు? ఆ రోజుల్లో ఆమెను అడిగినవాళ్ళు ఎవరు?

మా వీధిలో మధ్యాహ్నం రెండు దాటితే ఇంటింటికీ ఒక ఆడమనిషి తలకు గుడ్డ బిగించి కట్టుకుని పడుకునేది. తలనొప్పి, గుండెదడ, కాళ్ళు లాగడం, ఆకలి లేకపోవడం. ఆర్‌ఎంపీ వచ్చి బలానికి సూది వేసి పోయేవాడు. మా పిన్ని ఏళ్ళ తరబడి కడుపులో మంట అంటూనే ఉండేది. గుంటూరులో పెద్దాసుపత్రిలో చూపిస్తే ఏమీ లేదన్నారు. ఏమీ లేదని తేలాక ఇంట్లోవాళ్ళు "వేషాలు వేస్తోంది" అన్నారు. ఆమెకు నలుగురూ ఆడపిల్లలే. ఏ పెళ్ళికి వెళ్ళినా "పాపం, నలుగురూనా?" అని అడగనివాళ్ళు లేరు. ఆ మంట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ముప్పై దాటాక గానీ అర్థం కాలేదు.

ఇక నా సంగతి. ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ పాఠశాలల్లో లెక్కలు చెప్పాను. ఆగస్టు పదిహేను వస్తే ముగ్గులు వేయడం, అతిథులకు బొట్టు పెట్టి పూలివ్వడం మా ఆడ టీచర్ల పని. వేదిక మీద కుర్చీలు మగ మాస్టర్లవి. ఒకసారి ప్రధానోపాధ్యాయుడు సెలవు మీద వెళ్ళినప్పుడు సీనియారిటీ ప్రకారం బాధ్యత నాకు రావాలి. "మీకు సాయంత్రం మీటింగులకు తిరగడం కష్టం కదమ్మా" అని నాకన్నా ఆరేళ్ళు చిన్నవాడికి అప్పగించారు. కష్టమో కాదో నన్ను అడగలేదు. నా మేలు కోరుతున్నట్టే చెప్పారు కాబట్టి కోప్పడితే నేనే చెడ్డదాన్ని. ఆ రాత్రి అన్నం సహించలేదు. పోట్లాడి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు, పోట్లాటకు తావు లేకుండా చేశారే అన్నదే ఇప్పటికీ మండిస్తుంది.

తెరచాప (హైదరాబాదు), మంగళవారం మధ్యాహ్నం 1:20

నేను క్లినికల్ సైకాలజిస్టుని. కొండమల్లి గారి ప్రశ్నకు సూటిగా జవాబు: మీ సున్నితత్వం కాదు.

జానెట్ స్విమ్, ఆమె సహ పరిశోధకులు అమెరికాలో కళాశాల విద్యార్థుల చేత రోజువారీ డైరీలు రాయించి 2001లో ఫలితాలు ప్రచురించారు. అమ్మాయిలకు వారానికి సుమారు ఒకటి రెండుసార్లు మనసుకు తగిలే వివక్ష ఎదురైంది. అలాంటి సంఘటనల తర్వాత కోపం, దిగులు పెరిగాయి, ఆత్మవిశ్వాసం తగ్గింది. అందులో ఎక్కువ భాగం మనం ఇక్కడ చెప్పుకుంటున్నలాంటివే: వ్యాఖ్యలు, హాస్యాలు, ఆడవాళ్ళ పని ఇదీ అన్న నిర్ణయాలు.

టీచరమ్మగారు చెప్పింది మరీ ముఖ్యమైన విషయం. 1996లో పీటర్ గ్లిక్, సుసాన్ ఫిస్క్ వివక్షను రెండు రకాలుగా చూపించారు. ఒకటి ద్వేషంతో మాట్లాడేది. రెండోది ఆప్యాయంగా, రక్షించే ధోరణిలో మాట్లాడుతూనే స్త్రీ స్థానాన్ని తగ్గించేది. 2007లో బెల్జియంలో బెనోయి దార్దెన్ బృందం ఉద్యోగ ఎంపికలాంటి పరిస్థితి కల్పించి స్త్రీలకు పరీక్ష పెట్టింది. ముందుగా మొరటు మాట విన్నవాళ్ళకన్నా, తీయని మాటల్లో తక్కువ చేయించుకున్నవాళ్ళే పరీక్ష సరిగా చేయలేకపోయారు. మొరటు మాటను అవతలివాడి తప్పుగా పక్కన పెట్టగలం. మెత్తని మాట మాత్రం లోపలికి దిగి "నాకు చేతనవుతుందా?" అన్న ప్రశ్నగా మారుతుంది, పని చేయాల్సిన బుర్రలో కొంత భాగం ఆ ప్రశ్నకే ఖర్చవుతుంది. నల్లరేగడీ, ఇంటర్‌లో లేని అనుమానం ఇప్పుడు ఎందుకు వచ్చిందో నీకు అర్థమయ్యే ఉంటుంది.

నా దగ్గరికి వచ్చే స్త్రీలలో నేను చూసేది ఇంకొకటి చెబుతాను. మాట తగిలిన ప్రతిసారీ మనసులో ఒక విచారణ నడుస్తుంది. కావాలనే అన్నాడా? నేను తప్పుగా విన్నానా? జవాబిస్తే గయ్యాళి అంటారా? ఊరుకుంటే అలుసైపోతానా? మాట అన్న మనిషి ఈలోపు భోంచేసి నిద్రపోయి ఉంటాడు. ఈ విచారణ రోజుకు రెండు మూడుసార్లు, ఏళ్ళ తరబడి సాగితే శరీరం విశ్రాంతిలోకి వెళ్ళడం మరచిపోతుంది. నిద్ర చెడుతుంది, మెడ, నడుము పట్టేస్తాయి, కడుపు మండుతుంది, చిరాకు దగ్గరివాళ్ళ మీదకు మళ్ళుతుంది. పురుషులకన్నా స్త్రీలలో డిప్రెషన్ సుమారు ఒకటిన్నర రెట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దీనికి కారణాలు చాలా ఉన్నాయి, హార్మోన్ల పాత్ర కూడా ఉంది. కానీ అన్నిటినీ హార్మోన్ల మీదికి నెట్టేయడం అన్యాయం.

పడమటిగాలి గారూ, మగవాళ్ళ ఒత్తిడి నిజం. 2022 జాతీయ నేర గణాంకాల ప్రకారం దేశంలో ఆత్మహత్య చేసుకున్నవాళ్ళలో దాదాపు 72 శాతం పురుషులే. "మగాడివై ఏడుస్తావా?" అని చిన్నప్పటి నుంచి నోరు కట్టేయడం అందులో ఒక కారణమని నా వృత్తిలో రోజూ చూస్తున్నాను. అదే ఏడాది ఆత్మహత్యతో మరణించిన స్త్రీలలో సగానికి పైగా గృహిణులు. ఈ రెండు బాధలూ ఒకదానికొకటి పోటీ కావు.

నిర్వాహకులు, మంగళవారం మధ్యాహ్నం 2:00

ఆఫీసుల పేర్లు, మనుషుల పేర్లు రాయవద్దు. ఇప్పటివరకు అందరూ పాటించారు, ధన్యవాదాలు. ఎవరికైనా ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తుంటే ఇక్కడ జవాబు కోసం ఎదురుచూడకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు ఫోను చేయండి.

ఎక్కాలపుస్తకం (నిజామాబాదు), మంగళవారం సాయంత్రం 6:45

కేంద్ర గణాంక శాఖ సమయ వినియోగ సర్వే వివరాలు పెడుతున్నాను. ఇంటి పనులు చేసేవాళ్ళలో 2019లో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు ఇచ్చారు. 2024లో స్త్రీలు 289, పురుషులు 88. స్త్రీల పని పది నిమిషాలు తగ్గిందని పత్రికలు రాశాయి. తీసివేత చేసి చూడండి: అప్పుడు తేడా 202 నిమిషాలు, ఇప్పుడు 201. ఐదేళ్ళలో తగ్గింది ఒక్క నిమిషం. స్త్రీలకు తగ్గిన ఆ పది నిమిషాలూ మిక్సీకో, వాషింగ్ మెషీనుకో, బయటి నుంచి తెచ్చిన కూరకో వెళ్ళి ఉంటాయి. మగవాళ్ళు అందుకుని ఉంటే వాళ్ళ అంకె పెరగాలి, అదీ తగ్గింది.

నిమిషాల్లోకి రాని పని కూడా ఉంది. గ్యాసు ఎప్పుడు బుక్ చేయాలి, అత్తగారి బీపీ మాత్రలు ఎన్ని మిగిలాయి, పాప టీకా తేదీ, పనిమనిషి రాకపోతే ఏం చేయాలి, రేపటి ఇడ్లీకి పప్పు నానబోశామా. నా భార్య ఆఫీసులో కూర్చుని కూడా ఈ జాబితా మోస్తుంది. మా ఇంట్లో కొన్నింటిని పూర్తిగా నా పేరున రాసుకున్నాం. "పూర్తిగా" అంటే గుర్తు చేయించుకోకుండా. మందులు, పాల లెక్క, బడి వాట్సాప్ గ్రూపు నావి. బడి గ్రూపులో నన్ను చేర్చడానికి మొదట టీచరు ఒప్పుకోలేదు, తల్లి నంబరే కావాలన్నారు.

పడమటిగాలి, మంగళవారం రాత్రి 9:10

అందరూ చెప్పింది చదివాను. ఏ మాటైనా తప్పే అనుకునే రోజు రాకూడదన్న నా మాటను నేను వదులుకోను. కానీ టీచరమ్మగారు అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మా అమ్మకు కూడా ఎప్పుడూ కడుపులో మంటే.

ఒక విషయం చెప్పండి. మా కోడలు బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది. పండక్కి వస్తే ఎవరితోనూ కలవదు, గదిలోనే ఉంటుంది. మేము ఆమెను ఒక్క మాటా అనం. ఏం చేయాలి?

చింతచెట్టు, మంగళవారం రాత్రి 9:40

ఆమె వచ్చిన రోజు తెల్లవారుజామున మొదటి కాఫీ ఎవరు పెడతారు? మీ అబ్బాయి ఎన్నింటికి లేస్తాడు? వచ్చిన చుట్టాలు ఆమెను ఏమని పలకరిస్తారు, ఉద్యోగం గురించి అడుగుతారా, పిల్లల గురించా? అరిసెలు వండే దగ్గర మీ అబ్బాయి కూర్చుంటాడా? కోడలిని అడిగే ముందు ఇవి గమనించండి తమ్ముడూ. ఎవరూ ఒక్క మాట అనని ఇళ్ళలో కూడా ఎవరు ఎక్కడ ఉండాలో గోడలే చెబుతుంటాయి. గమనించాక, చుట్టాల ముందు ఆమె పని గురించి మీరే ఒక ప్రశ్న అడగండి. పెద్దవాళ్ళు అడిగితే మిగతావాళ్ళు వింటారు.

పాలపిట్ట (వరంగల్లు), బుధవారం ఉదయం 11:30

నేను న్యాయవాదిని, రెండు సంస్థల్లో లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీకి బయటి సభ్యురాలిని. కొండమల్లి గారు "ఫిర్యాదు రాసేంత పెద్దది కాదు" అన్నారు కాబట్టి చట్టం ఎంతవరకు తోడు వస్తుందో చెబుతాను.

పనిచేసే చోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం చేతులు వేయడం గురించి మాత్రమే కాదు. లైంగిక అర్థం ఉన్న మాటలూ అందులోకి వస్తాయి. వాటికి తోడుగా పనికి అడ్డుపడే బెదిరింపు వాతావరణం, ఆరోగ్యం చెడేలా అవమానించడం కూడా మూడో సెక్షనులో ఉన్నాయి. "నవ్వుతూ అడిగితే ఎవరు కాదంటారు" లాంటి మాట ఒకసారితో కేసు కాకపోవచ్చు. అదే మనిషి పదేపదే అంటుంటే సంగతి వేరు. అందుకే తేదీ, స్థలం, అన్న మాట, విన్నవాళ్ళెవరు అన్నది రాసి పెట్టుకోండి. ఫిర్యాదుకు గడువు మూడు నెలలు, సంఘటనలు వరుసగా జరుగుతుంటే చివరిదాని నుంచి లెక్క. కారణం చూపితే మరో మూడు నెలలు పొడిగించవచ్చు.

టీ తెమ్మనడం, బాధ్యత ఇవ్వకపోవడం ఈ చట్టం కిందికి రావడం కష్టం. వాటికి పై అధికారులకు రాతపూర్వకంగా అడగడమే దారి. "సీనియారిటీ ఉండగా ఎందుకు ఇవ్వలేదో తెలియజేయగలరు" అని ఒక్క వాక్యం చాలు. నోటితో వచ్చిన దయగల కారణాలు కాగితం మీదికి రావడానికి ఇబ్బంది పడతాయి.

ఇంటి విషయానికొస్తే, 2005 గృహ హింస చట్టం మాటలతో, మనసుకు చేసే హింసనూ హింసగానే లెక్కించింది. పిల్లలు లేరనో, మగపిల్లవాడు లేడనో ఎగతాళి చేయడాన్ని పేరుపెట్టి చేర్చింది. టీచరమ్మగారి పిన్ని కాలానికి అది లేదు.

కొండమల్లి, బుధవారం రాత్రి 10:15

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. నిన్న చాలా రోజుల తర్వాత తెల్లవారేదాకా నిద్రపోయాను. తెరచాప గారూ, కౌన్సెలింగుకు వెళ్ళాలని ఉంది. ఇంట్లో తెలిస్తే "పిచ్చి డాక్టరు దగ్గరికా?" అంటారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

తెరచాప, బుధవారం రాత్రి 10:50

14416తో మొదలుపెట్టండి. అది టెలి మానస్, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించింది. రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. అవసరమైతే సైకియాట్రిస్టుకు కలుపుతారు.

మొదటిసారి అందరూ "ఏం లేదండీ, కొంచెం టెన్షన్" అంటారు. అలా అనకండి. నిద్ర ఎన్నాళ్ళుగా చెడింది, ఆదివారం సాయంత్రాలు ఏమవుతోంది, పాప మీద విసుగు, చేసే పనుల మీద ఆసక్తి తగ్గిందా, ఇవే చెప్పండి. ఆఫీసు మాటల గురించి చెప్పినప్పుడు అవతలివారు "పట్టించుకోకండి" అంటే, ఇంకొకరిని చూసుకోవడం మీ హక్కు. రెండు వారాలకు మించి రోజూ దిగులుగా ఉంటే మందుల అవసరం ఉందో లేదో నేరుగా చూపించుకోవడం మంచిది.

దూరపుగట్టు గారూ, మీకు ఇంకొక మాట. "విశేషమా?" అన్న ప్రశ్నకు ఇకనుంచి మీ ఆయన జవాబు చెప్పాలి. ఆ ఫోన్లు ఆయనే ఎత్తాలి. మీరు వినకపోవడం తప్పు కాదు.

దూరపుగట్టు, గురువారం ఉదయం 7:20

ఇందాకే ఆయనతో మాట్లాడాను. ఈ ఆదివారం మా అత్తగారికి ఆయనే చెబుతారు.

గోరింటాకు (విజయవాడ), గురువారం మధ్యాహ్నం 3:05

ఇక్కడ అందరూ చదువుకున్నవాళ్ళు, నేను రాయవచ్చో లేదో తెలియదు. బట్టల దుకాణంలో అమ్మకం పనిచేస్తాను. మేము ఎనిమిదిమందిమి, అందరం ఆడవాళ్ళమే. పొద్దున్న నుంచి రాత్రి దాకా నిలబడే ఉంటాం, కూర్చుంటే యజమాని "ఏమే, మీ అత్తారిల్లా?" అంటాడు. మా ఒళ్ళు గురించి, చీర కట్టు గురించి కస్టమర్ల ముందే అంటాడు. ఇంటికి వెళ్ళాక ఎవరితోనూ మాట్లాడాలనిపించదు. పాలపిట్ట గారు చెప్పిన కమిటీ మాకు లేదు. మాకు ఆ చట్టం వర్తిస్తుందా?

పాలపిట్ట, గురువారం సాయంత్రం 5:30

తప్పకుండా రాయండమ్మా, మీకు వర్తిస్తుంది. పదిమంది కన్నా తక్కువ ఉన్న చోట అంతర్గత కమిటీ ఉండదు. అలాంటివాళ్ళ కోసమే ప్రతి జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలని అదే చట్టం చెబుతోంది. యజమాని మీదే ఫిర్యాదు అయినా అక్కడికే వెళ్ళాలి. విజయవాడ ఎన్టీఆర్ జిల్లా కిందికి వస్తుంది, కలెక్టరు కార్యాలయంలో లేదా జిల్లా స్త్రీ శిశు సంక్షేమ శాఖ కార్యాలయంలో అడిగితే కమిటీ వివరాలు ఇస్తారు. రాయడం కష్టమైతే ఫిర్యాదు రాయడానికి కమిటీవాళ్ళే మీకు సాయం చేయాలి, ఆ మాట కూడా చట్టంలోనే ఉంది. మహిళల సహాయ నంబరు 181కు ఫోను చేసినా దారి చెబుతారు.

కూర్చునే హక్కు గురించి: దుకాణాల్లో పనివాళ్ళకు కుర్చీలు వేయాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయి. కేరళలో అమ్మకాల పనిలో ఉన్న ఆడవాళ్ళే పోరాడి తెచ్చుకున్నారు. మీ ఎనిమిదిమందిలో ఇంకెవరైనా మీతో రావడానికి సిద్ధంగా ఉంటే, ఇద్దరుగా వెళ్ళండి. వెళ్ళే ముందు నాకు ఇక్కడ సందేశం పెట్టండి, ఫిర్యాదు కాగితం చూసి పెడతాను.